తెల్లగీత అవతలి మలుపు

మా నాన్నంత బాగా నిద్రపోయే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. వెక్కిరింపుగా అనడం లేదు. ఇద్దరు డ్రైవర్లుండే దూరప్రయాణపు లారీలో నిద్ర కూడా ఉద్యోగమే. ఒకరు స్టీరింగు దగ్గరుంటే రెండోవారు సీటు వెనకున్న బల్ల మీద పడుకోవాలి. పడుకోకపోతే తమ వంతు వచ్చేసరికి కళ్ళు మూతలుపడి బండిని ఏ గోడకో అంటిస్తారు. చాలామందికి ఆ బల్ల మీద కునుకు పట్టదు. పక్కవాడు బ్రేకు వేసినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తారు. నాన్న మాత్రం చెప్పులు విప్పి, చొక్కా మడిచి తల కింద పెట్టుకున్న రెండో నిమిషానికి గుర్రు పెట్టేవాడు. ఇంత నిద్ర ఎలా పడుతుందయ్యా అని తోటి డ్రైవర్లు అడిగితే, నడిపేది మనవాడైతే ఎందుకు పట్టదు అనేవాడు.

ఆ మనవాడు మా మావయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. చదువు అబ్బక, ఏ పనిలోనూ ఆరు నెలలు నిలవక, రోడ్ల మీద తిరుగుతుంటే నాన్నే తన లారీ ఎక్కించుకున్నాడు. క్లచ్చు ఎక్కడుంటుందో దగ్గర్నుంచి నేర్పాడు. లైసెన్సు పరీక్షకి మూడుసార్లు వెంటబెట్టుకుని వెళ్ళాడు. చివరికి పాసైన రోజున తనకే ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాడు. తర్వాత డిపో మేనేజరు కాళ్ళావేళ్ళా పడి తన బండికే రెండో డ్రైవరుగా వేయించుకున్నాడు. ఇదంతా చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అయినా వరసగానే చెబుతాను.

డిపోలో నాన్నని 'కొసాయన' అనేవాళ్ళు. మిగతా డ్రైవర్లు ఇంటికి తొందరగా వచ్చే ట్రిప్పుల కోసం కొట్టుకుంటే, ఈయన రోడ్డు చివరి దాకా పోయే ట్రిప్పు ఎక్కడుందా అని చూసేవాడు. ఒక రోడ్డు పోయిపోయి సముద్రం ఒడ్డున పడవల చెక్కల మీద ఆగిపోతుందట. ఒకటి ఇసకలో కొంచెం కొంచెంగా మునిగి, ఎక్కడ అయిపోయిందో తెలియకుండా అయిపోతుందట. ఇంకొకటి కొండ మీద మేకల దారిగా మారిపోతుందట. నా చిన్నప్పటి స్కూలు అట్లాసులో ఆ కొసలన్నిటికీ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టాడు. మొత్తం పదిహేడు. నా మార్కుల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూపలేదని నేను ఎకసెక్కం ఆడేదాన్ని.

పద్దెనిమిదోది సరిహద్దు గేటు దగ్గర. దానికి మాత్రం సున్నా పూర్తిగా చుట్టలేదు, సగం గీసి వదిలేశాడు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు.

"అది అయిపోయిన రోడ్డు కాదమ్మా. ఆపేసిన రోడ్డు."

ఆ గేటు గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. తారు మీద అడ్డంగా జానెడు వెడల్పున తెల్లగీత. దానిమీద ఇనప గడ. మన లారీ వెనక్కి వెళ్ళి గీతకి ఇటు ఆగుతుంది, వాళ్ళ లారీ వెనక్కి వచ్చి అటు ఆగుతుంది. రెండు బళ్ళ వెనక తలుపులూ తీసి మధ్యలో చెక్క వేస్తే, కూలీలు సరుకు ఇందులోంచి అందులోకి మారుస్తారు. డ్రైవర్లు మాత్రం గీత దాటకూడదు. అవతల అదే తారు, అదే రోడ్డు, రెండు ఫర్లాంగులు తిన్నగా పోయి ఒక పొడుగాటి పసుప్పచ్చ గోడ వెనక్కి ఎడమవైపు తిరుగుతుంది. ఆ మలుపు వెనక ఏముందో నాన్నకి తెలియదు. ఇరవై రెండేళ్ళు ఆ మలుపుని చూస్తూ బండిలో కూచున్నాడు.

అవతలి డ్రైవరుకీ ఇదే యావ అట. మీ మలుపు వెనక ఏముందని ఒకసారి అడిగాడట. టైర్ల దుకాణం, దాని పక్కన మరుగుదొడ్డి అని నాన్న నిజం చెప్పేస్తే పాపం ఆయన మొహం మాడిపోయిందట. మరి నువ్వూ వాళ్ళ మలుపు సంగతి అడక్కపోయావా అన్నాను.

"అడిగి తెలుసుకుంటే నడిపినట్టవుతుందా?" అన్నాడు.

నాన్నకి రిటైరవడానికి రెండేళ్ళుందనగా రెండు దేశాలకీ ఏదో ఒప్పందం కుదిరి డిపోకి కాగితం వచ్చింది. వారానికి ఒక లారీ గీత దాటి అవతలి పట్నం దాకా వెళ్ళొచ్చు. ఒక్కటే లారీ, ఒక్కడే డ్రైవరు. పర్మిట్టు ఐదేళ్ళ దాకా మార్చరు. ఆ మధ్యాహ్నం నాన్న అర్జీ కాగితం పట్టుకుని సరాసరి నా దుకాణానికి వచ్చాడు.

నాది కోర్టు ఎదురుగా జిరాక్సు దుకాణం. ఒక బల్ల, రెండు యంత్రాలు, వచ్చినవాళ్ళు కూచోడానికి ఒక పొడుగు బెంచీ. జిరాక్సులతో పాటు అర్జీలు రాసిపెడతాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందనీ, ఆఫీసుల్లో నేను రాసినవి తిప్పికొట్టరనీ పేరు. ఈ పనిలో ఒక పద్ధతుంది. వాళ్ళు చెప్పింది రాయాలి, నిజమా కాదా అని అడగకూడదు. బంగారం ఎక్కడిదని అడిగే కంసాలి దగ్గరికీ అడిగే అర్జీల మనిషి దగ్గరికీ ఎవరూ రెండోసారి రారని, నాకు ఈ పని నేర్పిన ముసలాయన చెప్పాడు.

నాన్న బెంచీ మీద కాకుండా నా పక్కనే స్టూలు వేసుకుని కూచున్నాడు. పరీక్ష రాస్తున్న పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తొమ్మిదో గడి దగ్గర ఆగాను. గేటు రిజిస్టరులో మీ పేరు మీద ఏదైనా తప్పు నమోదై ఉందా అన్నది ప్రశ్న. ఉంది, ఒకటి, అని రాయమన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. నాన్న ముప్ఫయ్యేళ్ళలో ఒక కోడిపిల్లని కూడా తొక్కించలేదు. పక్కన వివరణ అని ఉన్న చోట ఏం రాయను అంటే, ఖాళీగా వదిలెయ్యి అన్నాడు.

"ఆ సంగతి మీ మావయ్య వచ్చి మేనేజరుకి చెప్తాడు. మాట్లాడాను, సరే అన్నాడు."

అంతకు మించి ఏమీ చెప్పలేదు. నేనూ అలవాటు కొద్దీ అడగలేదు.

మూడో రోజు పొద్దున్న మావయ్య వచ్చాడు, వెంట అమ్మ. అమ్మ దుకాణానికి రావడమే అరుదు. వచ్చి, తను కూడా అదే పర్మిట్టుకి అర్జీ పెడతానన్నాడు మావయ్య. నేను మొహం చిట్లించాను. అమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నాన్నకి వయసు మీద పడింది కాబట్టి రాకపోతే రాకపోవచ్చు, ఇద్దరూ పెడితే ఒకరికైనా వస్తుంది, ఎవరికొచ్చినా మన ఇంట్లోనే ఉంటుంది కదా అంది. ఆ మాట నాకు సబబుగానే తోచింది. తర్వాత గొంతు తగ్గించి, ఇప్పుడే నాన్నతో అనకు, అనవసరంగా మనసు పాడు చేసుకుంటారు, నేనే నెమ్మదిగా చెప్తాను అంది. సరేనన్నాను.

అర్జీ నింపడానికి పావుగంట పట్టింది. తొమ్మిదో గడి దగ్గర మావయ్య వంక చూశాను. లేదు అని రాయమన్నాడు. 'లేదు' అని గుండ్రంగా రాసి, నా అలవాటు ప్రకారం కింద చిన్న గీత గీశాను. మావయ్య నా తల నిమిరి వెళ్ళాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇంకా గుర్తుంది.

మరుసటి వారం నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మేనేజరు పిలిచాడని వెళ్ళాడు. పదకొండింటికల్లా తిరిగొచ్చాడు. ఆ రోజు నేను జ్వరంగా ఉండి దుకాణం తీయలేదు. నాన్న పెరట్లో చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి వంటింటి బల్ల దగ్గర కూచున్నాడు. అమ్మ కూరగాయలు తరుగుతోంది. నీళ్ళు బల్ల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

"మీ మావయ్య అర్జీలో తొమ్మిదో గడి నువ్వే రాశావా?" అన్నాడు.

అవునన్నాను. తల ఊపాడు. అప్పుడు చెప్పాడు, పన్నెండేళ్ళు కడుపులో దాచుకున్నది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న మూడు నెలలు ఇంట్లో కూచున్నాడు. ఇంజను బాగుచేతకి వెళ్ళిందని మాకు చెప్పాడు. అసలు జరిగింది వేరు. మావయ్యకి లైసెన్సు వచ్చి అప్పటికి పది వారాలు. ఆ ట్రిప్పులో గేటు దాకా వంతు అతనిది, నాన్న వెనక బల్ల మీద నిద్రలో ఉన్నాడు. గీత దగ్గర బండిని వెనక్కి తీస్తూ మావయ్య గడని విరగ్గొట్టి, కాపలావాడి గదిని గుద్దేశాడు. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ చప్పుడుకి నాన్న లేచేసరికి మావయ్య రెండు చేతులా స్టీరింగు పట్టుకుని వదలకుండా కూచున్నాడట. కొత్త లైసెన్సు మీద అలాంటిది నమోదైతే ఇక జన్మలో లారీ ముట్టనివ్వరు.

డ్రైవర్లు చేతులు మారినప్పుడల్లా ఏ కిలోమీటరు రాయి దగ్గర మారారో ట్రిప్పు షీటులో రాసి, ఎక్కబోయేవాడు ముందే సంతకం పెట్టాలి. సంతకం ఎవరిదైతే ఆ తర్వాత జరిగినదంతా వాళ్ళ పూచీ. మావయ్య ఎప్పుడూ బద్ధకించి చివర్న పెట్టేవాడు. ఆ రోజూ ఆ గడి ఖాళీగానే ఉంది. కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చే లోపల నాన్న ఆ ఖాళీ గడిలో తన సంతకం పెట్టి, బావమరిదిని బల్ల మీదికి తోసి, స్టీరింగు ముందు కూచున్నాడు. గేటు రిజిస్టరులో నాన్న పేరెక్కింది. మూడు నెలలు సస్పెండు చేశారు. మావయ్య ఆ రోజు నాన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చాడట, ఈ రుణం తీర్చుకోలేనని.

ఇప్పుడు పన్నెండేళ్ళ తర్వాత నిజం చెబితే మావయ్యకి పోయేదేమీ లేదు. పాత సంగతి, మేనేజరు నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకుంటాడు. నాన్న పేరు మాత్రం కడిగినట్టవుతుంది. అందుకే చెప్పమన్నాడు, అతనూ సరే అన్నాడు. తీరా మేనేజరు ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, ఆ రోజు బండి నడిపింది ఎవరయ్యా అని మావయ్యనే అడిగాడట. మావయ్య గోడకేసి చూస్తూ చెప్పాడట.

"నాకేం తెలుస్తుంది సార్. నేనప్పుడు వెనక నిద్రపోతున్నాను."

మేనేజరు పాత షీటు తీయించాడు. అందులో నాన్న రాత, నాన్న సంతకం. తనకి వ్యతిరేకంగా తనే సాక్షి అయ్యాడు. నువ్వు చెప్పేదానికి రుజువేదీ, ఇతని అర్జీ చూడు ఎంత శుభ్రంగా ఉందో అంటూ మేనేజరు ఇంకో కాగితం బల్ల మీద పెట్టాడు. బావమరిది అర్జీ పెట్టినట్టు నాన్నకి అప్పుడే తెలిసింది. 'లేదు' కింద చిన్న గీత చూశాక అది రాసిందెవరో కూడా తెలిసింది.

నాన్న చెప్పడం అయిపోయింది. తెలిసి రాయలేదు నాన్నా అన్నాను, ఏడుపు ఆగలేదు.

"తెలిసి రాయలేదని నాకు తెలుసమ్మా. కానీ రాశాక ఐదు రోజులు నాతో ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నావు."

అమ్మ కత్తిపీట పక్కకి జరిపి, తనకి ఆ గడ సంగతి తెలియదని ఒట్టేసి చెప్పింది. అది నిజమే అనుకుంటాను. అక్కడితో ఆగినా బాగుండేది. అయిపోయిందేదో అయిపోయింది, మీకు మహా అయితే రెండేళ్ళు, వాడికి ముందు ఇరవయ్యేళ్ళ సర్వీసుంది, ఆ పర్మిట్టు మీకెందుకు చెప్పండి అంది.

"రెండేళ్ళే ఉన్నాయి కాబట్టేగా అడిగాను" అన్నాడు నాన్న, లేచి తువ్వాలు కోసం వెళ్ళాడు.

పర్మిట్టు మావయ్యకే వచ్చింది. నాన్న అరవలేదు. మావయ్యని ఇంటికి రావద్దనీ అనలేదు. ఆయన బదులు నేను అరిచాను, మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా కడిగిపారేశాను. అతను నిమ్మకు నీరెత్తినట్టు అంతా విని, నా పిల్లల కోసమే చేశాను, నీకు పిల్లలు పుడితే అర్థమవుతుందిలే అనేవాడు. ఎవరి పిల్లల భవిష్యత్తుకి ఎవరి పేరు బలిపెట్టాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

డిపోవాళ్ళకి మనుషుల కన్నా షెడ్యూలు ముఖ్యం. గీత దాకా ఇద్దరు డ్రైవర్లుండాలి, గీత దగ్గర ఒకడు దిగి, బండి తిరిగొచ్చేదాకా రేకుల షెడ్డులో ఆగాలి. ఎప్పటి జంటే కదా అని ఆ దిగేవాడిగా నాన్ననే వేశారు. మానెయ్యి నాన్నా అని బతిమాలాను. ఉద్యోగం ఉద్యోగమేనన్నాడు. అయితే నేనూ వస్తానంటే కాదనలేదు.

నేను కిటికీ పక్కన కూచున్నాను. తెల్లవారి బయల్దేరితే మొదటి వంతు నాన్నది. సగం దారిలో చేతులు మారాయి. మావయ్య స్టీరింగు పట్టుకున్నాడు, నాన్న వెనక బల్ల మీదికి ఎక్కాడు. చెప్పులు విప్పలేదు. చొక్కా మడవలేదు. బల్ల మీద బాసింపట్టు వేసుకుని, వీపు రేకుకి ఆనించి, మా ఇద్దరి తలల మధ్య నుంచి రోడ్డు చూస్తూ కూచున్నాడు. నాలుగు గంటలు అలాగే. మావయ్య ఒకసారి అద్దంలో చూసి, పడుకో బావా అన్నాడు. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మళ్ళీ అనే ధైర్యం అతను చేయలేదు.

గీత నేను అనుకున్నంత పెద్దది కాదు. పెయింటు అక్కడక్కడ పెచ్చులు ఊడింది. పసుప్పచ్చ గోడ మాత్రం నాన్న చెప్పినట్టే ఉంది. నాన్న నా వెనకే కిందికి దిగి ట్రిప్పు షీటు మావయ్య ముందుకు చాపాడు.

"ముందు సంతకం పెట్టు" అన్నాడు.

మావయ్య తల వంచుకుని పెట్టాడు. గడ పైకి లేచింది. మా లారీ, నాన్న పదకొండేళ్ళుగా కడిగి తుడిచిన లారీ, గీత దాటి రెండు ఫర్లాంగులు తిన్నగా పోయి, గోడ వెనక్కి తిరిగి కనిపించకుండా పోయింది. నాన్న షెడ్డులోకి రాలేదు. ఎండలో అక్కడే నిలబడ్డాడు. నేను టీ తెచ్చి ఇస్తే చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు. అంత పచ్చిగా మోసపోయిన మనిషిని అంత దగ్గర్నుంచి చూడటం నాకు అదే మొదలు. అందులో నా చెయ్యి కూడా ఉందని మర్చిపోవడానికి చుట్టూ ఏమీ లేదు, ఖాళీ రోడ్డు తప్ప.

మూడు గంటలకి బండి తిరిగొచ్చింది. మావయ్య ఎగిరి దిగాడు. పొద్దుటి బెరుకంతా పోయి మొహం వెలిగిపోతోంది. అలవాటుగా నాన్న భుజం మీద చెయ్యేసి, బావా ఆ మలుపు వెనక ఏముందో తెలుసా అని మొదలుపెట్టాడు. నాన్న ఆ చెయ్యి తీసి నెమ్మదిగా కిందికి దించాడు.

"అదొక్కటీ చెప్పకురా" అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు వారం వారం గీత దాకా వెళ్ళి దిగాడు, వచ్చాడు. రిటైరయ్యాడు. అట్లాసులో ఆ సగం సున్నా అలాగే ఉంది. మావయ్య పండక్కీ పబ్బానికీ వస్తాడు, నాన్న టీ తాగావా అని అడుగుతాడు, అక్కడితో సరి. అమ్మ అంతా సర్దుకుందనుకుంటోంది. నాతో నాన్న మామూలుగానే ఉంటాడు, దుకాణానికి వచ్చి యంత్రంలో కాగితాలు పెడతాడు, నా మీద జోకులు వేస్తాడు. నన్ను క్షమించేశాడనే నేనూ నమ్మాను.

పోయిన నెల ఆయన కంటికి ఆపరేషను అయింది. నేను కొన్న పాత కారులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం ఇంటికి పంపిస్తూ డాక్టరు నల్లద్దాలు పెట్టి, మూడు గంటల ప్రయాణం కాబట్టి దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉండాలి, వీలైతే నిద్రపోండి అని మరీ మరీ చెప్పాడు. సీటు వెనక్కి వాల్చి, తల కింద నా చున్నీ మడిచి పెట్టాను. వాలి పడుకున్నాడు. హాయిగా నిద్రపో నాన్నా, నడిపేది నేనే కదా అన్నాను. సరేనమ్మా అన్నాడు.

గుర్రు ఎప్పుడు మొదలవుతుందా అని చెవి అటే పెట్టి నడిపాను. గంట గడిచింది. రైలు గేటు పడితే బండి ఆపి పక్కకి తిరిగాను. పక్కనుంచి చూస్తే నల్లద్దాల వెనక సందులో కళ్ళు కనిపించాయి. రెండూ తెరిచే ఉన్నాయి. మందుకి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, రెప్ప వాల్చకుండా, నా ముందున్న రోడ్డునే చూస్తున్నాడు.